ది హోల్ (2001 సినిమా)

ది హోల్ నిక్ హామ్ దర్శకత్వంలో 2001లో విడుదలైన బ్రిటిష్ మనోవైజ్ఞానిక ఉత్కంఠభరిత చిత్రం. గై బర్ట్ రచించిన ఆఫ్టర్ ది హోల్ (1993) నవల దీనికి ఆధారం.

కథ

నలుగురు విద్యార్థులు బడి యాత్రను తప్పించుకొని, 3 రోజులు గడపడానికి ఒక పాత భూగర్భ బంకరులోకి దిగుతారు. 18 రోజుల తరువాత లిజ్ (థోరా బర్చ్) ఒక్కతే ప్రాణాలతో బయటపడుతుంది. సహవిద్యార్థి మార్టిన్ తమను బంధించాడని ఆమె మనస్తత్వ నిపుణురాలికి చెబుతుంది. మార్టిన్ కథనం వేరు.

చిత్రానికి బలం ఇక్కడే ఉంది. లిజ్ మాటలను దర్శకుడు దృశ్యాలుగా చూపడం వలన ప్రేక్షకులు వాటిని జరిగిన సంగతులుగానే స్వీకరిస్తారు. నిజానికి తాళంచెవి మొదటినుండీ ఆమె వద్దనే ఉంది. తాను వలచిన మైక్‌ను దగ్గర చేసుకోవడమే ఆమె పన్నాగం. మిత్రుల మరణాలు ఆమె కోరినవి కావు. అయినా ఆకలిదప్పులతో అలమటిస్తున్నవారి ఎదుట కూడా ఆమె తలుపు తీయలేదు.

ఫ్రాంకీగా నటించిన కైరా నైట్లీ 2002లో వచ్చిన బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్ ద్వారా ప్రసిద్ధురాలైంది.