తెల్లదనం వెనుక ఇనుము: టైటానియం డయాక్సైడ్ వర్ణక ఉత్పత్తిలో మలినాల నియంత్రణ

వ్యాససంగ్రహం:
గోడరంగులకు, ప్లాస్టిక్‌కు, కాగితానికి తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ వర్ణకం నల్లని సముద్రపు ఇసుక నుండి తయారవుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ తయారీని రెండు మూడు సమీకరణాలతో ముగిస్తాయి. ఆ సమీకరణాలలో కనిపించని మలినాలు ఏ దశలో, ఏ రసాయన కారణంచేత వేరవుతాయో, ఏ దశ దాటితే ఇక వేరుచేయలేమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఇల్మెనైట్, వర్ణకం, క్షయకరణం, జలవిశ్లేషణ, భస్మీకరణం, క్రోమియం, వెనేడియం.

1. ప్రవేశిక:
విశాఖపట్నం సమీపంలోని భీమునిపట్నం తీరంలోనూ, శ్రీకాకుళం ప్రాంతంలోని కళింగపట్నం, భావనపాడు తీరాలలోనూ ఇసుకపై నల్లని చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ శిలలు శిథిలమై, నదుల వెంట కొట్టుకువచ్చి, అలల తాకిడికి జల్లెడ పట్టినట్లు వేరుపడిన భార ఖనిజాలవి. ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, రూటైల్‌తో పాటు కొద్దిపాటి మోనజైట్ కూడా అందులో ఉంటుంది. భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు రంగునిచ్చింది ఇసుక రేణువులను పూతలా కప్పిన ఐరన్ ఆక్సైడే. తెల్లని వర్ణకానికి ప్రధాన శత్రువు కూడా అదే.

శుద్ధ ఇల్మెనైట్‌లో సమీకరణం ప్రకారం 52.6 శాతం టైటానియం డయాక్సైడ్ ఉండాలి. కేరళలోని చవర ఇసుకలో ప్రకృతి శైథిల్యం వల్ల ఇనుము కొంత కరిగిపోయి ఇది 60 శాతం దరిదాపులకు చేరింది. తూర్పు తీరపు ఇల్మెనైట్ అంతగా శిథిలం కాలేదు. శాతం 50 చుట్టూ ఉంటుంది, ఇనుములో ఎక్కువ భాగం ఫెర్రస్ రూపంలోనే ఉంటుంది. ఖనిజం విలువను ఈ ఒక్క శాతంతో కొలవడం మనకు అలవాటు. అది సరిపోదని చెప్పడానికే ఈ చర్చ.

2. సల్ఫేట్ పద్ధతి – ఇనుము కథ:
తిరువనంతపురంలోని ట్రావన్‌కోర్ టైటానియం ప్రొడక్ట్స్ అనుసరించేది ఈ పద్ధతినే. మెత్తగా నూరిన ఇల్మెనైట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపించినప్పుడు టైటానైల్ సల్ఫేట్‌తో పాటు ఇనుమంతా ద్రావణంలోకి వస్తుంది. తరువాత ఆ ద్రావణాన్ని మరిగించి జలవిశ్లేషణ చేస్తారు. టైటానియం బలమైన ఆమ్ల మాధ్యమంలోనే హైడ్రేట్‌గా అవక్షేపిస్తుంది. ఫెర్రిక్ ఇనుము పీహెచ్ 2–3 వద్ద అవక్షేపించడం మొదలవుతుంది. ఫెర్రస్ ఇనుమైతే తటస్థ స్థితికి చేరువయ్యేదాకా కరిగే ఉంటుంది. కనుక అవక్షేపాన్ని నీటితో కడుగుతూ ఆమ్లత తగ్గించినకొద్దీ ఫెర్రిక్ ఇనుము అక్కడే చిక్కుకుంటుంది, ఫెర్రస్ ఇనుము నీటితో వెళ్ళిపోతుంది. ఇనుము ఎంత ఉందన్నదానికంటే ఏ ఆక్సీకరణ స్థితిలో ఉందన్నదే ఇక్కడ నిర్ణాయకం.

అందుకే ద్రావణంలో తుక్కు ఇనుము వేసి క్షయకరణం చేస్తారు. ఇనుమును తొలగించడానికి ఇనుమునే కలపడం విద్యార్థులకు వింతగా తోస్తుంది. ఫెర్రిక్–ఫెర్రస్ జంట ప్రమాణ పొటెన్షియల్ +0.77 వోల్టులు, నాలుగు, మూడు సంయోజకతల టైటానియం జంటది సుమారు +0.1 వోల్టు. కాబట్టి ఫెర్రిక్ అయాన్లన్నీ తీరిన తరువాతే టైటానియం క్షయకరణం చెంది ఊదారంగు చూపుతుంది. లీటరుకు ఒకటి రెండు గ్రాముల త్రిసంయోజక టైటానియం మిగిలేలా చూస్తారు. గాలి తగిలినప్పుడు ముందుగా ఆక్సీకరణం చెందేది అదే. అది ఉన్నంతవరకు ఇనుము ఫెర్రస్‌గానే నిలుస్తుంది. అయితే త్రిసంయోజక టైటానియం జలవిశ్లేషణలో అవక్షేపించదు. కాపలా మోతాదు మించితే దిగుబడి తగ్గుతుంది.

ఇనుములో పెద్ద భాగాన్ని ద్రావణం చల్లార్చి అన్నభేదిగా, అంటే ఏడు నీటి అణువుల ఫెర్రస్ సల్ఫేట్‌గా, స్ఫటికీకరిస్తారు. ఇల్మెనైట్ సమీకరణం ప్రకారం టన్ను టైటానియం డయాక్సైడ్‌కు దాదాపు 3.5 టన్నుల అన్నభేదికి సరిపడా ఇనుము వస్తుంది. వర్ణకం కంటే ఉపఉత్పత్తి ఎక్కువైన ఈ పరిశ్రమలో మలినాల నియంత్రణ అంటే పర్యావరణ భారం కూడా.

3. భస్మీకరణం తరువాత దారి లేదు:
కడిగిన హైడ్రేట్‌ను 800–1000 డిగ్రీల సెల్సియస్ మధ్య భస్మీకరిస్తారు. అప్పటిదాకా ఉపరితలంపై అధిశోషితమై ఉన్న అయాన్లు స్ఫటిక జాలకంలోకి చేరిపోతాయి. ఆపై ఏ కడుగుడూ పనిచేయదు. క్రోమియం ఇక్కడే అసలు సమస్య. అది ద్రావణంలో త్రిసంయోజక స్థితిలోనే ఉంటుంది, ఇనుముకు పనికివచ్చిన క్షయకరణ ఉపాయం దానికి పనికిరాదు. పది లక్షల భాగాలలో కొద్ది భాగాలు మిగిలినా తెలుపు పసుపు–గోధుమ ఛాయకు తిరుగుతుంది. నియోబియం తీరు మరొకటి. పంచసంయోజక నియోబియం జాలకంలో చేరితే, ఆవేశ సమతుల్యం కోసం కొంత టైటానియం త్రిసంయోజకమై నీలి–బూడిద ఛాయ వస్తుంది. దాన్ని తొలగించడానికి బదులు అల్యూమినియం లవణాన్ని చేర్చి ఆవేశాన్ని సరిదిద్దుతారు. మలినానికి విరుగుడుగా మరో మలినమన్నమాట.

4. క్లోరైడ్ పద్ధతి – తారుమారైన పట్టిక:
చవరలోని కేరళ మినరల్స్ అండ్ మెటల్స్ క్లోరైడ్ పద్ధతిని అనుసరిస్తుంది. అక్కడ ఇల్మెనైట్‌ను ముందుగా క్షయకరణ వాతావరణంలో వేయించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఇనుమును కరిగించి తీసివేస్తారు. అలా వచ్చిన కృత్రిమ రూటైల్‌ను కోక్‌తో కలిపి సుమారు 900–1000 డిగ్రీల వద్ద క్లోరిన్‌తో చర్య జరిపిస్తారు. టైటానియం టెట్రాక్లోరైడ్ మరుగు స్థానం 136 డిగ్రీలు. క్రోమియం క్లోరైడ్ అంత తేలికగా ఆవిరి కాదు కాబట్టి ఐరన్ క్లోరైడ్ ధూళితో పాటే వేరవుతుంది. సల్ఫేట్ పద్ధతిలో వేధించిన మలినం ఇక్కడ సులభసాధ్యం.

వెనేడియం ఆక్సీట్రైక్లోరైడ్ మరుగు స్థానం మాత్రం 127 డిగ్రీలు. అంశిక స్వేదనంతో దాన్ని వేరుచేయడం కష్టం. ఖనిజ నూనె, రాగి లేక హైడ్రోజన్ సల్ఫైడ్‌తో క్షయకరణం చేసి, తక్కువ సంయోజకత గల ఘనపదార్థంగా మార్చి తీసివేస్తారు. ఇక మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్లు వరుసగా 714, 772 డిగ్రీలకే కరుగుతాయి. క్లోరినేటర్‌లో అవి ద్రవంగా మిగిలి రేణువులను అంటించి, ఊర్ధ్వ వాయుప్రవాహంలో తేలాల్సిన పడకను గడ్డకట్టిస్తాయి. వీటిని ముడిపదార్థంలోనే అరికట్టాలి. విద్యుత్ కొలిమిలో ఇల్మెనైట్‌ను స్లాగ్‌గా మార్చితే ఇనుము లోహంగా వేరవుతుంది గాని మెగ్నీషియం స్లాగ్‌లోనే ఉండిపోతుంది.

ఆంధ్ర తీరపు ఇల్మెనైట్‌ను ఏ పద్ధతికి ఎంచుకోవాలన్నది అందుచేత క్రోమియం, వెనేడియం, మెగ్నీషియం, కాల్షియం విశ్లేషణను బట్టి తేలాలి. టైటానియం శాతం ఒక్కటే ఉన్న నివేదిక పరిశ్రమకు సగం సమాచారమే.

5. కళాశాల ప్రయోగశాలలో:
వరంగల్ కళాశాలల్లో స్నాతకోత్తర రసాయనశాస్త్ర విద్యార్థులకు ఇందులో కొంత చేయించవచ్చు. ఇల్మెనైట్ పొడిని పొటాషియం బైసల్ఫేట్‌తో కలిపి ద్రవీభవింపజేసి, చల్లారిన ముద్దను సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, హైడ్రోజన్ పెరాక్సైడ్ చేరిస్తే టైటానియం పసుపు–నారింజ రంగునిస్తుంది. సుమారు 410 నానోమీటర్ల వద్ద కొలవవచ్చు. ఫెర్రిక్ ఇనుము పసుపును ఫాస్ఫారిక్ ఆమ్లంతో అణచాలి. ఆ ఆమ్లం టైటానియం రంగునూ కొంత తగ్గిస్తుంది గనుక ప్రామాణిక ద్రావణాలకూ అదే మోతాదు కలపాలి.

పెరాక్సైడ్ కలపని ద్రావణంలో ఇంకొంత ఆమ్లం చేర్చి జింకు ముక్కలు వేస్తే ముందు ఇనుము పసుపు పోతుంది, తరువాత ఊదారంగు వస్తుంది. జింకును వడకట్టి ద్రావణాన్ని మూత లేకుండా బల్లపై వదిలితే మొదట పోయేది ఊదారంగు. ఇనుము పసుపు ఆ తరువాత, చాలా నెమ్మదిగా తిరిగి వస్తుంది.