మలంలో రక్తము, జిగట – కారణాలు

విద్యార్థులు ఏ జబ్బునైనా చెప్పుకుంటారు గాని, మలంలో రక్తము, జిగట కనిపించినప్పుడు మాత్రం సిగ్గుచేత దాచుకుంటారు. మందుల షాపులో పేరైనా తెలియని మాత్రలు కొని మ్రింగుట పరిపాటి. ఈ మౌనం ప్రమాదకరమైనది.

పెద్దప్రేగు లోపొర సహజంగానే కొంత జిగటను స్రవిస్తుంది. మలం సులువుగా జారుటకు అది అవసరం. ఆ పొర వాచినప్పుడు జిగట అధికమవుతుంది. పుండుపడినప్పుడు రక్తం దానితో కలుస్తుంది. ఇందుకు మనలో తరచు కనిపించే హేతువు కలుషితమైన నీరు, ఆహారముల వలన వచ్చే జిగట విరేచనాలు. వీటిలో ముఖ్యంగా రెండు విధాలు కలవు. 1897లో జపాను దేశంలో ఈ వ్యాధి ప్రబలినప్పుడు కియోషి షిగా అను వైద్యుడు ఒక సూక్ష్మజీవిని కనుగొన్నాడు; ఆయన పేరు మీదుగానే అది షిగెల్లా అని వ్యవహరింపబడుతున్నది. ఇది సాధారణంగా జ్వరంతో, హఠాత్తుగా వస్తుంది. రెండవది అమీబా వలన కలిగేది. మెల్లగా ముదిరి, ఒక్కొక్కప్పుడు కాలేయంలో చీముగడ్డకు దారితీస్తుంది. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. కనుక మలపరీక్ష తప్పదు.

మొలలలో రక్తం మలంపై ఎర్రని చారలుగానో, చుక్కలుగానో పడుతుంది. నెలల తరబడి తగ్గుతూ, మరల వస్తూ ఉండేది అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చును. ఇది యౌవనంలోనే తరచు ఆరంభమవుతుంది. పసిపిల్లలలో ప్రేగులోనికి ప్రేగు జొరబడినచో ఎర్రని జెల్లీవలె పడుతుంది. అప్పుడు తెల్లవారేదాకా కూడ ఆగరాదు.

ఇంటిలోని పెద్దలు "మొలలేలే" అని తోసివేయుట కద్దు. బరువు తగ్గుట, నీరసము, మలవిసర్జన అలవాటు మారుట తోడైనచో అది ప్రేగు క్యాన్సరు కావచ్చును. కొలనోస్కోపీ చేయించినగాని నిజం తేలదు. తొలిదశలో దొరికినప్పుడు ఇది చాలావరకు శస్త్రచికిత్సతో నయమయ్యే వ్యాధి.