షట్టర్ దించితేనే సాగే అంగడి
ఆబిడ్స్ మెట్లపై ఆదివారం పుస్తకాల బేరం

నుమాయిష్ ముగిసి, రంగులరాట్నం ఇనుప చువ్వలు లారీలెక్కాక నాంపల్లికి కాస్త ఊపిరాడుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ప్రదర్శన 1946లో ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఏటా జనవరి 1 నుంచి దాదాపు నెలన్నర రోజులు పల్లెజనం టికెట్టు కొని, దుమ్ములో తిరిగి, మిర్చి బజ్జీలు తిని జేబు ఖాళీ చేసుకుని వెళ్తారు. ఫిబ్రవరి సగం దాటాక ఈ పేటలో కాలక్షేపం చవకవుతుంది. వేపచెట్లు పూతకొచ్చే ఆ రోజుల్లో ఊరి నుంచి వచ్చినవారికి ఆదివారం పూట ఇక్కడ ఒక అంగడి సిద్ధంగా ఉంటుంది. అందులో మేకలుండవు, మిరపకాయలుండవు. ఉన్నవన్నీ పాత పుస్తకాలే.

1907లో కట్టిన నాంపల్లి స్టేషన్‌లో బండి దిగి, స్టేషన్ రోడ్డు వెంట పావుగంట నడిస్తే ఆబిడ్స్ వస్తుంది. మెట్రో రైలులో వచ్చేవారికి 2018 నుంచి నాంపల్లిలోనే స్టేషనుంది. ఆబిడ్స్ అన్న పేరు ఏ దేవుడిదో, దొరదో కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం ఎన్నడో పోయినా పేరు మాత్రం పేటకు అంటుకుపోయింది.

వారంలో ఆరు రోజులు ఇక్కడ బట్టలు, చెప్పులు, గడియారాలు కొనేవారి రద్దీ. ఆదివారం పెద్ద దుకాణాల షట్టర్లు దిగుతాయి. అంతవరకు సంచుల్లో కట్టి ఉన్న పుస్తకాలు ఆ మెట్ల మీదికి, ఫుట్‌పాత్ మీదికి చేరతాయి. ప్లాస్టిక్ పట్టా పరిచి, ఇంగ్లీషు నవలలు ఒక కుప్ప, ఇంజనీరింగు పుస్తకాలు ఒక కుప్ప, ఉర్దూ, హిందీ పుస్తకాలు వేరుగా పేరుస్తారు. తెలుగు పుస్తకాలు తక్కువే. అయితే ఓపికగా వెతికేవారికి 1947 జూలైలో పుట్టి, ఇప్పుడు రావడం మానేసిన 'చందమామ' పాత సంచికలు దొరకవచ్చు. వాటి ధర తెలిసిన అమ్మకందారు మాత్రం అంత తేలిగ్గా దిగిరాడు.

ఈ వ్యాపారానికి పెట్టుబడి డబ్బుకన్నా కన్ను. ఇల్లు ఖాళీ చేసేవారు, చదువు ముగిసిన విద్యార్థులు పుస్తకాలను కాగితం బరువు లెక్కన చిత్తు కాగితాల వారికి వేసేస్తారు. ఆ గుట్టలో ఏది కిలోల్లో పోవాల్సిందో, ఏది పుస్తకంగా పలికేదో ఏరుకోవడమే ఇక్కడి పనితనం. ఒకే ధర కుప్ప దగ్గర బేరం లేదు. విడిగా పెట్టిన పుస్తకం దగ్గర గీసి గీసి ఆడాల్సిందే. పొద్దున బోణీ వేళ వెళ్తే మంచి సరుకు ఉంటుంది, సాయంత్రం మూటకట్టే వేళ వెళ్తే ధర దిగుతుంది. రెండూ కావాలంటే కుదరదు.

వసంతంలో ఇక్కడికి పరీక్షల జనం ఎక్కువ. ఉద్యోగాల పోటీ పరీక్షలకు చదివే పల్లె కుర్రాళ్లు కొత్త గైడు కొనలేక పాతది వెతుక్కుంటారు. గణితం, ఇంగ్లీషు వ్యాకరణం పాతవైనా పనికొస్తాయి. వర్తమాన విషయాల పుస్తకం రెండేళ్ల కిందటిదైతే అది కొన్నా దండగే. ఇంటర్ పుస్తకం కొనే ముందు సిలబస్ మారిందేమో అడగాలి, మధ్యలో పుటలు ఉన్నాయో లేదో తిప్పి చూడాలి. అట్ట తళతళలాడుతున్నా లోపల పదహారు పుటలు ఎగిరిపోయిన పుస్తకాలుంటాయి. ఇంటికి తీసుకెళ్లాక తగాదా పెట్టుకోవడానికి వచ్చే ఆదివారం దాకా ఆగాలి!

చైత్రం ఈ వ్యాపారానికి అనువైన కాలం. వానాకాలంలో ఒక్క జల్లు పడితే సరుకంతా తడిసి చిత్తవుతుంది. ఎండాకాలం ముదిరితే మధ్యాహ్నం కొనేవాడు నిలబడడు. నడుమ ఉన్న ఈ కొద్ది వారాలే నిదానంగా బేరం జరిగేవి. మామిడికాయల వేళ గాలిదుమారం లేచినప్పుడు మాత్రం పట్టాలు చేతపట్టుకుని అందరూ పరుగెత్తాల్సిందే.

అలాంటి వసంతమే 2020లో పోయింది. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. మార్చి 25న, సరిగ్గా ఉగాది నాడు, దేశమంతా లాక్‌డౌన్. ఆబిడ్స్‌లో షట్టర్లు వారమంతా దిగే ఉన్నాయి, మెట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. కానీ పుస్తకం పరిచేవాడూ లేడు, వంగి చూసేవాడూ లేడు. వారానికి ఒక్క రోజు అమ్మకంతో గడిపే కుటుంబాలకు ఆ ఆదివారాలు ఎలా గడిచాయో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత అంగడి మళ్లీ లేచింది. అయితే ఈ చోటు వారి సొంతం కాదు. ఏ దుకాణదారు ఆదివారం కూడా షట్టరెత్తితే అంతమేరకు పుస్తకాలు పక్కకు జరగాల్సిందే. ఫోనులో చదివేవారు పెరిగారన్న బెంగ కంటే ఇది దగ్గరి బెంగ.

కొన్నవారు మూట చంకన పెట్టుకుని ఇరానీ హోటల్లో ఒక చాయ్ ఇద్దరు పంచుకుంటారు. పొద్దు మిగిలితే పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టు కింద కూర్చుని పుటలు తిప్పేవారూ ఉన్నారు. అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉందని పిల్లలు గుంజుకుపోతే తప్ప లేవరు.

దీపాలు పెట్టే వేళకు మెట్ల మీద మూటలు కట్టడం మొదలవుతుంది. అమ్ముడుపోనివి ఆటోల్లో మళ్లీ గదులకు చేరతాయి. తెల్లారి సోమవారం షట్టర్లు లేస్తాయి, అవే మెట్ల మీద చెప్పులు కొనేవారు నిలబడతారు.