పెట్రోలు వెలయు, బండివాని బ్రతుకును

పెట్రోలు వెల హెచ్చినదను వార్త హైదరాబాదులోని ఉద్యోగికి ఒక రీతిగను, నాందేడులోని ఆటోరిక్షా నడుపువానికి మఱియొక రీతిగను వినబడును. ఉద్యోగికి అది నెలసరి వ్యయములో ఒక పద్దు. ఆటోవానికి అది దినదినము పెట్టవలసిన పెట్టుబడి. ఆతడు రాత్రి ఇంటికి తీసికొనిపోవు కూలి, పగలు బంకులో పోసిన సొమ్ము పోగా మిగిలినదే. కేంద్రసుంకము ఇరువురిపైనను లీటరునకు ఒకే కొలతను పడుచున్నది. మోయు భుజములు మాత్రము ఒక్కటి కావు. ఈ భేదమును మన పాఠకుల యెదుట నుంచుటకే నేడిది వ్రాయుచున్నాము.

నాందేడును దృష్టాంతముగా గ్రహించుటకు కారణము గలదు. ఆ పట్టణము మనకు పరాయిది కాదు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు అది హైదరాబాదు రాష్ట్రములోనిదే. పిదప ద్విభాషా బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1వ తేదీనుండి మహారాష్ట్రమునకును చెందినది. 1708లో గురు గోవిందసింహుడు దేహము చాలించిన క్షేత్రమగుటచే దేశపు నలుమూలలనుండి యాత్రికులు అచ్చటికి వచ్చుచుందురు. వారిని రైల్వేస్టేషనునుండి గురుద్వారమునకు చేర్చు ఆటోలు ఆ పట్టణమున ఎందరికో జీవనాధారములు. జిల్లా సరిహద్దున నున్న ధర్మాబాదు, బిలోలి, దేగ్లూరు, కిన్వట్ తాలూకాలలో తెలుగు కుటుంబములు అనేకము గలవు. వారికి బాసర, బోధను, నిజామాబాదు, మద్నూరులతో సంతలును, వైద్యమును, వియ్యములును ముడిపడియున్నవి. వారి మోటారు సైకిలు దినమునకు రెండుమార్లు రాష్ట్రపుటెల్లను దాటిన దాటవచ్చును.

నిజాము కాలమున సంస్థానపు సరిహద్దులలో కరోడ్‌గిరి నాకాలుండెడివి. బయటినుండి వచ్చు సరుకుపై సుంకము చెల్లింపనిదే బండి లోనికి సాగెడిది కాదు. ఆ నాకాలు పోయి దశాబ్దములు గడచినవి. 2017 జూలై 1వ తేదీన జి.యస్.టి. వచ్చిన తరువాత పెక్కు సరుకులకు దేశమంతట ఒకే పన్ను ఏర్పడినది. పెట్రోలు, డీసెలు మాత్రము దానికి వెలుపల నిలిచినవి. కనుకనే ఎల్లకు ఈవల ఒక వెల, ఆవల మఱియొక వెల. నాకా కంటికి కనబడుటలేదు. సుంకము మాత్రము బంకులోని గొట్టమునుండి నూనెతోడనే ధారగా పడుచున్నది.

ఈ వెల ఎట్లేర్పడుచున్నదో కొంత వివరింపవలయును. 2010 జూను వఱకు పెట్రోలు ధరను ప్రభుత్వమే నిర్ణయించుచుండెను. పిదప పెట్రోలునకును, 2014 అక్టోబరులో డీసెలునకును ఆ కట్టుబాటు తొలగింపబడెను. 2017 జూను 16వ తేదీనుండి ధరను దినదినము సవరించు పద్ధతి దేశమంతట ప్రవేశపెట్టబడెను. శుద్ధి చేసిన నూనె వెలపై కేంద్రము లీటరునకింత అని ఎక్సైజు సుంకము విధించును. బంకు యజమాని కమీషను దానికి కలియును. పిమ్మట రాష్ట్రము ఆ మొత్తముపై నూటికింత అని వ్యాట్ విధించును. అనగా కేంద్రపు సుంకముపై గూడ రాష్ట్రపు సుంకము పడుచున్నది. మరాఠ్వాడా జిల్లాలకు దీనిపై రవాణా వ్యయమొకటి. పర్భణీకి నూనె మన్మాడు సమీపమున నున్న డిపోనుండి మూడువందలకు పైగా కిలోమీటర్లు లారీలలో రావలసియున్నది. అందుచేతనే పర్భణీ పేరు దేశమునందలి ప్రియమైన పెట్రోలు పట్టణములలో పలుమార్లు వినబడినది. నాందేడు దానికిని తూర్పుననే యున్నది.

2020 నాటి సంగతి స్మరింపదగినది. ఆ సంవత్సరము ఏప్రిలులో కరోనా కారణమున ప్రపంచ విపణిలో ముడినూనె పీపా వెల 20 డాలర్లకు దిగువకు పడిపోయెను. ఆ లాభము బండివానికి చేరవలసియుండెను. అది చేరకమునుపే మే నెలలో కేంద్రము పెట్రోలుపై లీటరునకు 10 రూపాయలు, డీసెలుపై 13 రూపాయలు సుంకము పెంచెను. పెట్రోలుపై కేంద్రసుంకము 32 రూపాయల 98 పైసలైనది. పిదప ముడినూనె వెల మరల పైకెగసినప్పుడు పెంచిన సుంకము పెంచినట్లే నిలిచెను. 2020 మేలో ముంబయిలో లీటరు పెట్రోలు 76 రూపాయల చిల్లర. 2021 మే 29వ తేదీన 100 రూపాయలు దాటెను. హైదరాబాదు ఆ గీటును జూనులో దాటెను. పర్భణీ ముంబయికంటె ముందుగనే దాటియుండెను.

ఈ 24 రూపాయల పెరుగుదల ఒక ఆటోవాని ఇంట ఎట్లుండునో లెక్కవేసి చూతము. ఆతడు దినమునకు నాలుగు లీటర్లు వాడుననుకొందము. దినమునకు 96 రూపాయలు అధికము. నెలకు ఇరువదియైదు దినములు బండి నడిపినచో 2,400 రూపాయలు. అది ఒక ఇంటి అద్దె కావచ్చును, బిడ్డల బడి జీతము కావచ్చును. పైగా ఆ సంవత్సరమే కరోనా చేత రైళ్లు ఆగినవి, యాత్రలు ఆగినవి, బడులు మూతపడినవి. ఎక్కువారు తగ్గినప్పుడే నూనె వెల హెచ్చెను.

వీరు దీనిని ఎట్లు తట్టుకొనుచున్నారు? లీటరు లెక్కన నూనె పోయించుకొనుట మాని, నూటికో యేబదికో పోయించుకొందురు. వెల హెచ్చిన సంగతి అప్పుడు రూపాయలలో కనబడదు. దారిలో బండి ముందుగా ఆగినప్పుడు తెలియును. ఖాళీగా తిరుగుట మాని అడ్డాలోనే గంటలకొలది నిలుతురు. ముగ్గురు కూర్చుండవలసిన చోట అయిదుగురిని ఎక్కించుకొందురు. పోలీసు పట్టుకొన్నచో జరిమానా, పట్టుకొననిచో ప్రమాదపు భయము. బండి మరమ్మతును వచ్చునెలకు వాయిదా వేయుదురు. కిరాయి పెంచుదమన్నను అంత సులభము కాదు. జిల్లాపట్టణములలో తలకింత చొప్పున సాగు ఆటోకిరాయి అయిదు రూపాయలు పెరిగెనా, ఎక్కువాడు నడచియే పోవును. నూనె ధర దినదినము మాఱవచ్చునట. కిరాయి మాత్రము ఏండ్లతరబడి మాఱరాదట! ఈ రెంటి నడుమ నలుగువాడు బండివాడే.

ఇక ఎల్ల సంగతి. మహారాష్ట్రమున పెట్రోలు ప్రియము, మనయొద్ద చవుక అని అనేకుల నమ్మకము. కొంతకాలము అది నిజమే. 2022 మే 22వ తేదీన కేంద్రము సుంకము తగ్గించిన పిదప గూడ ముంబయిలో లీటరు 111 రూపాయల 35 పైసలు, హైదరాబాదులో 109 రూపాయల 66 పైసలు ఉండెను. జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వము పెట్రోలుపై 5 రూపాయలు, డీసెలుపై 3 రూపాయలు తగ్గించెను. ముంబయి వెల 106 రూపాయల చిల్లరకు దిగినది. హైదరాబాదు వెల ఉన్నచోటనే నిలిచినది. తెలంగాణ ప్రభుత్వము 2015 జనవరిలో పెట్రోలుపై వ్యాట్‌ను 31 శాతమునుండి 35.20 శాతమునకు, డీసెలుపై 27 శాతమునకు పెంచియుండెను. కేంద్రము 2021 నవంబరులోను, 2022 మేలోను సుంకము తగ్గించినప్పుడు తన వంతు తగ్గింపలేదు. కావున నాందేడు బండివానిపై జాలిపడు రాజధానివాసి, ఆ జాలిలో కొంత నిజామాబాదు, ఆదిలాబాదు బండివారికి గూడ మిగిల్చుకొనవలయును.

ప్రభుత్వముల వాదమును గూడ వినుట న్యాయము. 2015 తరువాత తాము పన్ను శాతమును పెంచలేదనియు, సెస్సులు పెంచినది కేంద్రమేననియు తెలంగాణ పాలకులు చెప్పిరి. ఇందు సత్యము లేకపోలేదు. 2021లో పెట్రోలుపై నున్న 32 రూపాయల 90 పైసల కేంద్రసుంకములో రాష్ట్రములతో పంచుకొనదగిన మూలసుంకము 1 రూపాయి 40 పైసలు మాత్రమే. తక్కినది ప్రత్యేక సుంకము, రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు అను పేర్లతో కేంద్రమునకే చేరెను. ఐనను నూటికింత అను పన్నులో ఒక చమత్కారము గలదు. నూనె వెల పెరిగినకొలది, శాతము పెంచకయే రాష్ట్రపు రాబడి పెరుగును. పెంచలేదనుట లెక్కకు నిజము. బండివాని జేబుకు కాదు. 2021 సెప్టెంబరు 17వ తేదీన లక్నోలో కూడిన జి.యస్.టి. మండలి పెట్రోలును తన పరిధిలోనికి తెచ్చుటకు సమయము రాలేదని నిశ్చయించినది. ఈ రాబడిని వదలుకొనుటకు ఎవరికిని ఇష్టము లేదని దీనివలన స్పష్టము.

పెట్రోలు కలవారి భోగవస్తువనియు, దానిపై ఎంత పన్ను వేసినను బీదలకు నష్టము లేదనియు ఒక వాదము చాలకాలమునుండి గలదు. 2014లో ప్రకటింపబడిన అధికార సర్వే ప్రకారము దేశములోని పెట్రోలులో ఇంచుమించు 61 శాతము ద్విచక్రవాహనములే త్రాగుచున్నవి. కార్ల వంతు 34 శాతము. పాలు పోయువాడు, కూరలమ్మువాడు, పల్లెబడికి పోవు పంతులు, మేస్త్రీ, తాపీవాడు, వీరే ఆ 61 శాతము. వాయుకాలుష్యము తగ్గుటకై పన్ను వేయుచున్నామన్నచో, ధర్మాబాదునుండియు బిలోలినుండియు పనివేళలకు సరిపడు బస్సును ముందుగా నడుపవలయును. వేఱు దారి చూపక ఉన్నదారికి సుంకము పెంచుట కాలుష్య నివారణ యనిపించుకొనదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కఱవై, కూపనులపై కొలిచి ఇచ్చిరి. బొగ్గుతో నడచు బస్సులను మన పెద్దలు ఎక్కిరి, ఎత్తు వచ్చినచోట దిగి త్రోసిరి. ఆ కష్టములో న్యాయమొకటి ఉండెను: కూపను కాగితముపై కలవానికి గూడ హద్దుండెను. నేడు నూనె కఱవు లేదు; ఎవరికెంత కావలసిన అంత బంకులో గలదు. హద్దు విధించునది వెల యొక్కటియే. అది లేనివానికి మాత్రమే హద్దు.

మేము కోరునది అసాధ్యమైనది కాదు. బంకు ఇచ్చు ప్రతి రసీదుపైనను నూనె వెల యెంత, కేంద్రసుంకమెంత, రాష్ట్రసుంకమెంత అను మూడు అంకెలు అచ్చొత్తవలయును. ఎవరేమి తీసికొనుచున్నారో చెల్లించువానికి తెలియుట కనీస ధర్మము. రాష్ట్రము నూటికింత అనుట మాని లీటరునకు ఇంత అని స్థిరముగా పన్ను నిర్ణయింపవలయును. అప్పుడు ప్రపంచ విపణిలోని ఉత్పాతము మన ఖజానాకు లాభముగా పరిణమింపదు. ఆటోకిరాయిలను నూనె వెలననుసరించి నియతకాలమున సవరింపవలయును. ఎల్లకు ఇరువైపుల ప్రభుత్వములును తమ పన్నులను గూర్చి ఒకమారు కలసి మాటలాడుకొన్నచో, అయిదు రూపాయల చవుకకై ఇరువది కిలోమీటర్లు పోయి నూనె కాల్చు వ్యర్థము తప్పును.

మన పాఠకులలో న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, లెక్కలు తనిఖీ చేయువారు, సచివాలయమున దస్త్రములు వ్రాయువారు గలరు. పన్ను శాతములను నిర్ణయించు కాగితములు వీరి బల్లలమీదుగనే పోవుచుండును. ఆ కాగితములపై శాతమను అంకె కనబడినప్పుడు, దినమునకు నాలుగు లీటర్లతో సంసారము నడుపువానికి అది ఎన్ని రూపాయలగునో ప్రక్కన వ్రాసి చూచుకొందురుగాక. నాందేడు స్టేషను బయట నైనను, నిజామాబాదు బస్టాండు బయట నైనను నిలిచియున్న బండివానికి మన సానుభూతికంటె ఆ లెక్కయే అధికముగా ఉపకరించును.