రాతిమాట

పల్నాటిసీమలో నాగులేటి ఒడ్డున కారంపూడి అను గ్రామము కలదు. 12వ శతాబ్దము చివర మాచర్ల, గురజాల రాజ్యముల నడుమ జరిగిన పల్నాటి యుద్ధమునకు ఇదియే రణరంగము. అచ్చటి వీర్ల గుడిలో ఆనాటి వీరులకు గుర్తులుగా శిలలు నిలిచియున్నవి. వీరుల పేర ఆయుధములకు నేటికిని పూజ జరుగుచున్నది. క్రొత్తగా వచ్చిన బాటసారికి అవి వట్టి రాళ్లు, వట్టి ఇనుప ముక్కలు. ఎంతసేపు చూచినను వాని అర్థము తెలియదు. ఆ యూరి పిల్లవానికి మాత్రము అందులో చిక్కేమియు లేదు.

ఏలనగా వానికి కథ తెలియును. ప్రతి సంవత్సరము కార్తిక అమావాస్య మొదలు ఐదు దినములు కారంపూడిలో వీరుల ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వినువారికి ఇవి పొడుపుకథలవలె తోచును. రాయబారమనగా సంధిమాటలకై వెళ్లి విషమునకు బలియైన అలరాజు వృత్తాంతము. మందపోరునాడు కులభేదము పాటింపక అందరును కలిసి చాపకూడు భుజింతురు. ఆ పద్ధతిని బ్రహ్మనాయుడు నెలకొల్పెనని ప్రతీతి. కోడిపోరు నాగమ్మతోడి పందెమును, అందులో ఓడి మాచర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవుటను తలపించును. కథ నెరిగినవానికి ఒక్కొక్క పేరు ఒక్కొక్క తాళపుచెవి.

ఈ తాళపుచెవులను తరతరములుగా కాపాడినవారు వీరవిద్యావంతులు. వారు రాత్రులు రాత్రులు వీరగాథలు పాడుదురు. 1974లో జీన్ రోఘైర్ అను అమెరికా పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య పాడిన కథను శబ్దగ్రహణము చేసి, 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించెను. అంతకు పూర్వమే, 1911లో, శ్రీనాథుని పేర నున్న ద్విపద పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించెను. పాటయు పద్యమును అన్నిచోట్ల ఏకీభవింపవు. అది లోపమని కొందరందురు గాని, ఒకే సంగతిని ఇరువురు వేరువేరుగా చెప్పినప్పుడే విచారించువానికి పని సులభమగును.

రాతిపై అక్షరములే యున్నచో పని మరియొక విధముగా సాగును. గాలివానలకు అరిగిన అక్షరమును కంటితో చదువబోయి పండితులు సైతము మోసపోవుదురు. కావున మొదట రాతిని శుభ్రముగా కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, గట్టి కుంచెతో తట్టుదురు. కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. పిమ్మట సిరా అద్దిన మెత్తతో పైపైన ఒత్తగా, మిట్టలు నల్లబడి, అక్షరములు తెల్లగా మిగులును. ఎండలో కనబడని కొమ్ము, గుడి, దీర్ఘము అప్పుడు కాగితముపై బయటపడును.

అక్షరములు తెలిసినను అర్థము దాగియుండవచ్చును. శాసనకవులు పెక్కుమారులు సంవత్సరమును అంకెలలో గాక మాటలలో చెప్పుదురు. ‘వేద గగన చంద్ర భూమి’ అని యున్నదనుకొందము. వేదములు 4, గగనము శూన్యము, చంద్రుడు 1, భూమి 1. ఈ అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుట నియమము. అట్లు పేర్చగా శకవర్షము 1104 వచ్చును. దానికి 78 కలిపిన క్రీ.శ. 1182, పల్నాటి యుద్ధము జరిగెనని పలువురు చెప్పు సంవత్సరమిదియే. నియమము నెరుగక ఎడమనుండి చదివినవాడు 4011వ శకవర్షమునకు పోయి చేరును!

లిపియే తెలియనిచో? అశోకుని బ్రాహ్మీలిపి కొన్ని శతాబ్దములు ఎవరికిని అంతుపట్టలేదు. కలకత్తా టంకశాలలో ఉద్యోగియైన జేమ్స్ ప్రిన్సెప్ 1837లో సాంచీ స్తూపమందలి చిన్న శాసనములను పరికించి, వానిలో అనేకములు ఒకే రెండక్షరములతో ముగియుట గమనించెను. దేవాలయములకు కానుకలిచ్చువారు తమ పేర్లు చెక్కించుట ఆయన ఎరిగిన ఆచారమే. అవి ‘దానం’ అను మాట కావలెనని ఊహించెను. ఆ ఊహ నిజమయ్యెను. ద, న అక్షరములు చేతికి చిక్కగా, తక్కినవి ఒక్కొక్కటిగా లొంగినవి.

1892లో కృష్ణామండలమందలి భట్టిప్రోలు స్తూపమున అలెగ్జాండర్ రీ కనుగొన్న ధాతుకరండములపై మరియొక చిక్కు ఎదురయ్యెను. అశోకుని లిపిలో ‘ఆ’కారమునకు గుర్తైన గీత ఇచ్చట హ్రస్వమగు అకారమును తెలుపుచుండెను. బ్యూలర్ పండితుడు ఈ భేదమును పట్టి చదివెను. పాత అలవాటుతో చదివినచో ప్రతి హ్రస్వమును దీర్ఘమై పేర్లన్నియు వికృతములయ్యెడివి.

కారంపూడికి పడమరగా, మాచర్ల దాపున నాగార్జునకొండ లోయలో చదువువారికి కాలముతోనే పోటీ వచ్చెను. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగెను. నీరు నిండిన లోయ మునుగును. కావున 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు త్వరత్వరగా సాగినవి. ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభములు, మరణించినవారి స్మృతికై నిలిపినవి, అచ్చట బయల్పడినవి. వానిలో యోధులవియు, సేనాపతులవియు కలవు. వారు పల్నాటి వీరులకు సుమారు 900 ఏండ్లు ముందటివారు. శాసనములు చదివి వారి పేర్లు తెలిసికొంటిమి గాని, వారిని గూర్చి పాడిన పాట యున్నచో అది ఏనాడో మరుగునపడినది. ఆ లోయ ఇప్పుడు నీటి అడుగున నున్నది. వెలికితీసిన శిల్పములను, శాసనములను చూడగోరువారు పడవ నెక్కి, జలాశయము నడుమ ద్వీపమైన కొండకు పోవుదురు.