కొత్త విండోస్, పాత డిస్క్: కంప్యూటర్ ఎందుకు మందగిస్తుంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. భద్రత కోసం విండోస్ 11కు మారిన కొందరికి కంప్యూటర్ నత్తనడక నడవడం కొత్త సమస్య. ఇక కొత్తది కొనక తప్పదనుకుంటారు. చాలా సందర్భాల్లో అంత ఖర్చు అక్కర్లేదు. ముందు అడ్డంకి ఎక్కడుందో గుర్తించాలి.

మొదటి ఒకటి రెండు రోజుల నెమ్మది సహజమే. అప్‌గ్రేడ్ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లను వెతకడానికి వీలుగా సూచిక తయారు చేసుకుంటుంది, మిగిలిన అప్‌డేట్లను దించుకుంటుంది. కంప్యూటర్‌ను కొన్ని గంటలు ఆన్‌లో ఉంచితే ఈ పనులు చాలావరకు పూర్తవుతాయి.

అప్పటికీ మార్పు లేకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవాలి. ప్రాసెసర్, మెమరీ, డిస్క్‌లలో ఏది 100 శాతం దగ్గరే ఉండిపోతోందో అక్కడే అడ్డంకి ఉన్నట్టు.

పాత ల్యాప్‌టాప్‌లలో అది తరచూ హార్డ్ డిస్కే. అందులోని పళ్లెం సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు, అంటే దాదాపు 11 మిల్లీసెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. కావలసిన సమాచారం ఉన్న చోటికి చదివే భాగం జరగాలి, పళ్లెం తిరిగి ఆ చోటు దాని కిందికి రావాలి. అందువల్ల వేర్వేరు చోట్ల ఉన్న చిన్న ముక్కలను సెకనుకు సుమారు వందకు మించి చదవలేదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు కాబట్టి అదే పని వేల సంఖ్యలో జరుగుతుంది.

మెమరీ చాలకపోయినా భారం డిస్క్ మీదే పడుతుంది. ర్యామ్ నిండితే సిస్టమ్ కొంత సమాచారాన్ని డిస్క్‌కు తరలిస్తుంది. విండోస్ 11కు కనీస అవసరం 4 జీబీ. అది సిస్టమ్ నడవడానికి సరిపోతుంది కానీ, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఇరుకవుతుంది.

ముందుగా పైసా ఖర్చులేని పనులు చేయాలి. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగంలో, కంప్యూటర్‌తోపాటే మొదలయ్యే అనవసర ప్రోగ్రాములను ఆపాలి. డ్రైవర్లను తయారీదారు వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోవాలి. డిస్క్‌లో కొంత ఖాళీ ఉంచాలి. ఫలితం లేకపోతే ఎస్‌ఎస్‌డీ, వీలుంటే అదనపు ర్యామ్ వేయించాలి. డిస్క్ మార్చేముందు ఫొటోలు, పత్రాలు వేరేచోట భద్రపరచడం మరువరాదు.

అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపు సెట్టింగ్స్ ద్వారా పాత విండోస్‌కు తిరిగి వెళ్లవచ్చు. అయితే భద్రతా సవరణలు అందని సిస్టమ్‌తో బ్యాంకు లావాదేవీలు చేయడం ప్రమాదకరం. వేగం కోసం భద్రతను వదులుకోవడం కన్నా, పాత డిస్క్‌ను మార్చుకోవడం మేలు.