ఫ్యూరీనా, ఉసికా: శనివారం ఫైట్‌ను లెక్క పెట్టి చూడటం ఎట్లా

పోయిన ఎపిసోడ్‌లో రియాద్ బాక్సింగ్ గురించి మొదలుపెట్టేసరికి టైం అయిపోయింది. ఆ తర్వాత మా క్యాంపులో మెస్ దగ్గర, బస్సులో, చాయ్ బ్రేక్‌లో అంతా అదే పంచాయితీ. అప్పుడు చెప్పలేకపోయిన మాటలు ఇక్కడ రాస్తున్నాను. నేను బాక్సర్‌ను కాను. ఐటీఐలో ఫిట్టర్ చేసి, గల్ఫ్ సైట్లలో హెల్పర్ నుంచి సూపర్‌వైజర్ దాకా వచ్చినోణ్ణి. చూసి, అడిగి, ఒకసారి పైసలు పోగొట్టుకుని నేర్చుకున్న ముచ్చట ఇది.

ముందు అసలు సంగతి. ఈ రాత 2024 మే నాటిది. మే 18 శనివారం రాత్రి రియాద్‌లోని కింగ్‌డమ్ అరీనాలో బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ, ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ తలపడుతున్నారు. ఇది ఫిబ్రవరి 17న జరగాల్సింది. ప్రాక్టీస్‌లో ఫ్యూరీకి కుడి కన్ను పైన తెగడంతో వాయిదా పడింది. హెవీవెయిట్‌లో నాలుగు పెద్ద బెల్టులుంటాయి. ఈ ఫైట్ నాటికి డబ్ల్యూబీసీ ఫ్యూరీ దగ్గర, మిగతా మూడు, అంటే డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో, ఉసిక్ దగ్గర ఉన్నాయి. గెలిచినోడికి నాలుగూ. 1999లో హోలీఫీల్డ్‌ను ఓడించిన లెనాక్స్ లూయిస్ తర్వాత ఈ ఫైట్ దాకా హెవీవెయిట్‌లో తిరుగులేని ఒకే ఒక్క ఛాంపియన్ అని ఎవరినీ అనలేకపోయారు. ఈ ఫైట్ దాకా ఇద్దరూ ఓడిపోలేదు. ఫ్యూరీ అప్పటికి 35 ఫైట్లలో 34 గెలిచి ఒకటి డ్రా చేసుకున్నాడు. ఉసిక్ 21కి 21 గెలిచాడు.

మా రూమ్‌లో ఎనిమిది మందిమి. ఐదుగురు ఫ్యూరీ దిక్కు, ముగ్గురు ఉసిక్ దిక్కు. జగిత్యాల నుంచి వచ్చిన ఒక తమ్ముడైతే ఖరారు చేసేశాడు. "అన్నా, అంత పొడుగోణ్ణి ఈ పొట్టోడు ఏం కొడతడు? చెయ్యి కూడా అందదు" అంటాడు. మాట అక్కడ ఆగితే బాగుండేది. పక్క బ్లాకోళ్లతో 800 రియాళ్ల పందెం అన్నాడు. వాడింకా వీసా కోసం తెచ్చిన అప్పుకు మిత్తి కడుతున్నాడు. ఈ రాత అసలు వాడి కోసమే.

వాడి మాటలో నిజం లేదని కాదు. ఫ్యూరీ ఎత్తు 206 సెంటీమీటర్లు, ఉసిక్ 191. చేతులు రెండూ చాపితే ఫ్యూరీకి 216 సెంటీమీటర్లు, ఉసిక్‌కు 198. పోయిన ఫైట్‌లో ఫ్యూరీ 125 కిలోల పైన తూగాడు, ఉసిక్ దాదాపు 100. ఒక సిమెంట్ బస్తాకు సగం తేడా. ఫ్యూరీ ఆ బరువును ఊరికే మోయడు, వాడుకుంటాడు. దగ్గరికి రాగానే మెడ మీద చేతులేసి వాలిపోతాడు. 2020లో, 2021లో డియాంటే వైల్డర్‌ను అట్లాగే అలసిపోయేలా చేసి నాకౌట్ చేశాడు. మన భుజం మీద ఎవరో రాడ్ల కట్ట పెట్టి, అట్లాగే నిలబడి పని చెయ్యమన్నట్టు ఉంటుంది. ఆరో రౌండ్ వచ్చేసరికి కాళ్లు కదలవు.

పైగా అంత పెద్ద మనిషి అయినా ఫ్యూరీ కదలిక చిన్నవాడిలా ఉంటుంది. 2015లో జర్మనీలో వ్లాదిమిర్ క్లిచ్కోను ఓడించింది బలంతో కాదు, దొరకకుండా తిరిగి.

ఇక ఉసిక్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 91 కిలోల విభాగంలో బంగారు పతకం. తర్వాత క్రూయిజర్‌వెయిట్‌లో 2018లో మాస్కోలో గాసియెవ్‌ను ఓడించి నాలుగు బెల్టులూ తీసుకున్నాడు. ఆ పైన హెవీవెయిట్‌కు వచ్చి, 2021లో లండన్‌లో ఆంథోనీ జాషువాను, 2022లో మన జెడ్డాలో మళ్లీ అతన్నే పాయింట్ల మీద ఓడించాడు. జాషువా కూడా ఉసిక్ కంటే పొడుగు, బరువు. కాబట్టి పెద్దోడితో ఆడటం ఉసిక్‌కు కొత్త కాదు.

ఉసిక్ ఎడమచేతి వాటం. దీని సంగతి మేస్త్రీ పని తెలిసినోళ్లకు తొందరగా అర్థమవుతుంది. గోడ కట్టేటప్పుడు పక్కపక్కన ఒకడు కుడిచేతి మేస్త్రీ, ఒకడు ఎడమచేతి మేస్త్రీ ఉంటే తాపీలు తగులుకుంటాయి కదా. బాక్సింగ్‌లో కూడా ఇద్దరి ముందు కాళ్లూ, ముందు చేతులూ ఎదురెదురుగా వచ్చి తగులుకుంటాయి. ఎవరి ముందు కాలు ఎదుటివాడి కాలికి బయట వైపు పడితే, వాడి వెనక చేతి దెబ్బకు దారి తెరుచుకుంటుంది. ఉసిక్ రాత్రంతా చేసేది ఇదే. ఒక అడుగు పక్కకు, ఒక దెబ్బ, మళ్లీ అడుగు. టీవీలో మనం చేతులు చూస్తాం. ఈసారి కాళ్లు చూడండి.

మరి నేను పైసలు పోగొట్టుకున్న కథ. 2015 మే నెలలో మేవెదర్, పాకియావో ఫైట్ అమెరికాలో జరిగింది. మనకు ఆదివారం పొద్దున ఏడు గంటల ప్రాంతం. అప్పుడు మా సైట్‌లో ఫిలిప్పీన్స్ వెల్డర్లు చాలామంది. పాకియావో వాళ్ల దేవుడు. నాకూ నచ్చాడు. పేద ఇంట్లో పుట్టినోడు, ముందుకు దూకే మనిషి. 300 రియాళ్లు పెట్టాను. పాకియావో దూకిన ప్రతిసారీ ఫోన్ చుట్టూ నిలబడి అరిచాం. ఆఖరికి ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు. 118-110, 116-112, 116-112. "దొంగ తీర్పు" అని తిట్టాను. అప్పుడు ఒక ముసలి ఫిలిప్పీన్ వెల్డర్ సిమెంట్ బస్తా కాగితం చింపి, పన్నెండు గీతలు గీసి చూపించాడు. తనకూ పాకియావో అంటే ప్రాణమే. కానీ ఆయన కాగితం మీద కూడా మేవెదరే గెలిచాడు. మేము అరుపులు లెక్కపెట్టాం, ఆయన తగిలిన దెబ్బలు లెక్కపెట్టాడు.

ఆ లెక్క ఇదీ. ఫైట్ 12 రౌండ్లు, రౌండ్‌కు 3 నిమిషాలు. ముగ్గురు జడ్జీలు విడివిడిగా మార్కులు వేస్తారు. రౌండ్ గెలిచినోడికి 10, ఓడినోడికి 9. కింద పడితే ఇంకొకటి తగ్గి మామూలుగా 10-8 అవుతుంది. గట్టి దెబ్బలు శుభ్రంగా ఎవరివి తగిలాయి, ఎవరు ఫైట్‌ను తమ చేతిలో పెట్టుకున్నారు, ఎవరు తప్పించుకున్నారు అనేవి చూస్తారు. ముందుకు నడిచినంత మాత్రాన మార్కు రాదు.

ఇప్పుడు కూడండి. ఇద్దరూ చెరి ఆరు రౌండ్లు గెలిస్తే 114-114, సమానం. అందులో ఒక్కసారి ఒకడు కింద పడ్డాడంటే 114-113. ఒక్క పడటంతో నాలుగు బెల్టులు చేతులు మారతాయి. 2018లో ఫ్యూరీకి జరిగింది ఇట్లాంటిదే. వైల్డర్‌తో మొదటి ఫైట్‌లో చాలా రౌండ్లు తనే బాగా ఆడాడు. కానీ 9లో, 12లో రెండుసార్లు పడ్డాడు. ఫలితం డ్రా. 2023 అక్టోబర్‌లో ఇదే రియాద్‌లో ఫ్రాన్సిస్ ఎంగానుతో ఆడినప్పుడు కూడా మూడో రౌండ్‌లో పడ్డాడు. ఎంగానుకు అది మొదటి ప్రొఫెషనల్ బాక్సింగ్ ఫైట్. ఫ్యూరీ ఇద్దరు జడ్జీల మాట మీద గెలిచి బయటపడ్డాడు.

ఇవన్నీ కూడి నేను ఉసిక్ దిక్కు నిలబడుతున్నాను, అదీ పాయింట్ల మీద, చాలా తక్కువ తేడాతో. ఫ్యూరీ మొదటి సగం బాగా ఆడతాడని నా అంచనా. పొట్ట మీద కొట్టి, వాలి, నవ్వించి, ఎదుటివాణ్ణి గందరగోళం చేస్తాడు. కానీ ఎనిమిదో రౌండ్ తర్వాత కూడా ఉసిక్ కాళ్లు మొదటి రౌండ్‌లాగే తిరుగుతాయి. జెడ్డాలో జాషువాతో చూశాం. తొమ్మిదో రౌండ్‌లో దెబ్బలు తిని, పదో రౌండ్‌లో అంతకు రెట్టింపు తిరిగి ఇచ్చాడు. నా అంచనా తప్పాలంటే ఒకటే దారి. ఉసిక్‌కు పొట్ట మీద దెబ్బ బాగా తగలాలి. 2023లో డుబోవా ఫైట్‌లో నడుము దగ్గర దెబ్బకు పడిపోయాడు, రిఫరీ అది బెల్టు కిందిదని లెక్కలోకి తీసుకోలేదు. ఫ్యూరీ అక్కడే గురి పెడితే జగిత్యాల తమ్ముడే రైటు, నేను తప్పు.

ఇంత చూసిన నాకే ఇంత అనుమానం ఉంటే, ఆ 800 రియాళ్లు ఏ ధైర్యంతో పెట్టాలి? పైగా ఇది సౌదీ. ఇక్కడ జూదం చట్టం ప్రకారం నేరం. గెలిచినా ఓడినా, ఎవరైనా గొడవపడి షుర్తా దాకా పోతే అకామా సంగతి ఏమవుతుందో ఆలోచించండి.

ఇంకొక మాట, సూపర్‌వైజర్‌గా. అసలు ఫైట్ మొదలయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మనకు ఆదివారం డ్యూటీ. మధ్యాహ్నం ఎండలో పని ఆపే రూలు జూన్ 15 నుంచే. రెండు గంటల నిద్రతో, మే నెల ఎండలో స్కాఫోల్డింగ్ ఎక్కడం ఏ బాక్సర్ దెబ్బ కంటే తక్కువ కాదు. నా గ్యాంగ్‌లో రాత్రి చూసేవాళ్లు ముందే చెప్పండి. తిట్టను. ఆ రోజు కింద మెటీరియల్ లెక్క, క్లీనింగ్ పని ఇస్తాను. వేరే సైట్లలో ఉన్నోళ్లు మీ ఫోర్‌మన్‌తో మాట్లాడుకోండి. పొద్దున రీప్లే చూసినా ఫైట్ అదే ఫైట్.

బాక్సింగ్ మనది కాదు అనుకునేవాళ్లకు కూడా ఒక మాట. నిఖత్ జరీన్ మన నిజామాబాద్ అమ్మాయి. 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించింది. వాళ్ల నాన్న కూడా కొన్నేండ్లు సౌదీలో పనిచేసి వచ్చినోడే. లెక్క నేర్చుకుంటే ఆ అమ్మాయి ఫైట్లకూ పనికొస్తుంది.

మా రూమ్‌లో ఇట్లా ఒప్పుకున్నాం. తలా ఒక కాగితం, పన్నెండు గీతలు. రౌండ్ అయ్యాక ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కు వెయ్యాలి. జడ్జీలకు అందరికంటే దూరంగా ఉన్నోడు వచ్చే శుక్రవారం అందరికీ కోడికూర వండాలి. తమ్ముడు కూడా కాగితం తీసుకున్నాడు. ఆ 800 రియాళ్లు ఈ పూటకైతే వాడి దగ్గరే ఉన్నాయి. ఇంటికి పంపమని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పే బదులు ఇది చదివి వినిపిస్తాను.

మీ రూమ్‌లో కూడా కాగితాలు గీయండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ మార్కులు చెప్పండి. నాది తప్పితే కోడికూర నేనే వండుతాను.